కారు లోపల చారలు పడకుండా తుడవడం: డాష్‌బోర్డు నుంచి అద్దం దాకా

కారు లోపల శుభ్రంగా తుడిచామనుకున్న మర్నాడు పొద్దున ఎండ ఏటవాలుగా పడేసరికి, డాష్‌బోర్డు మీద గుడ్డ తిరిగిన జాడలన్నీ వంపులు వంపులుగా బయటపడతాయి. ముందు అద్దం లోపలివైపు పల్చటి పొగ పట్టినట్టుంటుంది. ఇంకా మురికి మిగిలిందనుకుని మరో నాలుగు పిచికారీలు కొట్టి మళ్లీ తుడుస్తారు. చారలు తగ్గకపోగా పెరుగుతాయి. వాడిన క్లీనరో పాలిషో పూర్తిగా గుడ్డలోకి రాకుండా ఎండిపోతే మిగిలే పొరే చాలావరకు ఆ చార. కాబట్టి ఏం పూశాం అన్నదానికంటే, పూసినదాన్ని ఎంతవరకు తీసేశాం అన్నదే ఈ పనిలో అసలు లెక్క.

చారలు ఎందుకు పడతాయి

మొదటి కారణం మోతాదు. క్లీనర్‌లో మురికిని విడదీసే సబ్బు లాంటి పదార్థాలుంటాయి. అవి ఎక్కువైతే ఒక్క తుడుపుకు పోవు.

రెండోది నీళ్లు. మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు నీళ్లే. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లగా గట్టిపడేది కాల్షియం, మెగ్నీషియం లవణాల పొర. అవే నీళ్లతో నల్ల ప్లాస్టిక్‌ను తుడిస్తే నీరు ఆవిరైపోయి లవణం మిగిలిపోతుంది. ఎన్నిసార్లు తుడిచినా అదే కథ, ఎందుకంటే ప్రతిసారీ కొత్త లవణాన్ని మనమే తెచ్చి పూస్తున్నాం.

మూడోది వేడి. మే నెల ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. దాని మీద పిచికారీ కొడితే గుడ్డ చేరేలోపే నీరు ఎగిరిపోయి, మందు చుక్కలు చుక్కలుగా అంటుకుపోతుంది.

నాలుగోది గుడ్డ. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేసి ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డ పోగులకు దాని మైనం లాంటి పొర పట్టి ఉంటుంది. అది నీటిని పీల్చదు, పైగా తన జిడ్డును అద్దానికి అంటిస్తుంది. పాత బనియన్లు, నూలు గుడ్డలు దూది పోగులు వదులుతాయి. అందుకే అవి ఈ పనికి పనికిరావు.

కావలసిన సామాను

మైక్రోఫైబర్ గుడ్డలు 40 సెంటీమీటర్ల చదరం ఉన్నవి 8 తీసుకోండి. 300 నుంచి 350 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) మందం చాలు. అంతకంటే మందమైనవి బండి పైభాగం నీళ్లు తుడవడానికి బాగుంటాయి కానీ లోపలి పనికి బరువు. అద్దానికి మాత్రం పొట్టి పోగులున్నవి లేదా గళ్ల నేత ఉన్నవి 3 విడిగా పెట్టుకోండి. వాటితో ఇంకేమీ తుడవకూడదు. రంగులు వేరుగా ఉంటే గందరగోళం ఉండదు: ఒక రంగు క్లీనర్‌కు, ఒకటి ఉత్త నీళ్లకు, ఒకటి పొడి తుడుపుకు, ఒకటి అద్దానికి. కొత్త గుడ్డలను ఒకసారి ఉతికి ఆరబెట్టాకే వాడండి.

మంచి నీళ్ల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ లేదా డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) బ్యాటరీ షాపుల్లో, చాలా పెట్రోల్ బంకుల్లో డబ్బాల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు లేబుల్ తప్పకుండా చదవండి. అదే షాపులో బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి డబ్బాలోనే అమ్ముతారు. అది చేతికి తగిలినా, ప్లాస్టిక్ మీద పడినా ప్రమాదం. డిస్టిల్డ్ వాటర్ దొరకకపోతే ఇంట్లో ఆర్ఓ నీళ్లు బోరు నీళ్లకంటే ఎంతో మేలు.

ఇక ద్రవాలు. మూడు స్ప్రే బాటిళ్లు పెట్టుకుని, ఒక్కొక్క దాని మీద పేరు రాయండి.

1. క్లీనర్: ఆల్ పర్పస్ క్లీనర్ 45 మి.లీ., నీళ్లు 450 మి.లీ. అంటే ఒకటికి పది. అది లేకపోతే 500 మి.లీ. నీళ్లలో రంగు లేని బేబీ షాంపూ 5 మి.లీ. మామూలు దుమ్ముకు, చేతి చెమటకు ఈ షాంపూ నీళ్లే సరిపోతాయి.
2. ఉత్త డిస్టిల్డ్ వాటర్ 500 మి.లీ. చారలు పడకుండా చూసేది ఈ బాటిలే.
3. అద్దానికి: 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 400 మి.లీ. ఇది మంటకు అంటుకునే ద్రవం. కలిపేటప్పుడు, వాడేటప్పుడు తలుపులు తెరిచి ఉంచండి. అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి.

హ్యాండ్ శానిటైజర్‌ను ఆల్కహాల్ బదులు వాడొద్దు. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు; అది ఎండదు, గీతలుగా నిలిచిపోతుంది. కొన్ని సర్జికల్ స్పిరిట్లలోనూ నూనె కలిపి ఉంటుంది. సీసా మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని, శాతంతో సహా రాసి ఉన్నదే కొనండి.

వీటితోపాటు వాక్యూమ్ క్లీనర్, సన్న మూతి గొట్టం, మెత్తటి కుచ్చు ఉన్న 1 అంగుళం పెయింట్ బ్రష్, ఒక పాత మెత్తటి టూత్‌బ్రష్, ఫోమ్ అప్లికేటర్లు (పూత పూసే స్పాంజి ముక్కలు) 2. పెయింట్ బ్రష్‌కు కుచ్చు పైన ఉండే రేకు పట్టీ ప్లాస్టిక్‌ను గీరుతుంది. దానికి చుట్టూ ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు వేయండి.

ఎప్పుడు, ఎక్కడ

పొద్దున 8 లోపు, లేదా నీడలో గంటసేపు తలుపులు తెరిచి ఉంచిన తర్వాత. డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగలాలి. ఎండలో చారలు బాగా కనబడతాయి కదా అని ఎండలోనే తుడుస్తుంటారు కొందరు. కనబడటం నిజమే, కానీ పోవడం కష్టమవుతుంది. నీడలో తుడిచి, సెల్‌ఫోన్ టార్చిని ఏటవాలుగా వేసి చూసుకోండి. చిన్న కారుకు మొత్తం పని రెండున్నర మూడు గంటలు పడుతుంది. ఇంజిన్ ఆపేసి, తాళంచెవి బయటికి తీసేసి పని మొదలుపెట్టండి.

వరుస ఇదీ: మ్యాట్లు బయటికి, వాక్యూమ్, పొడి దుమ్ము, డాష్‌బోర్డు, తలుపులు, సీట్లు, ఆ తర్వాత పైపూత, అన్నిటికన్నా చివర అద్దం. అద్దాన్ని ముందు తుడిస్తే డాష్‌బోర్డు పూత తుంపర వెళ్లి దాని మీదే పడుతుంది.

తడి తగలకముందే దుమ్ము పోవాలి

దుమ్ము మీద తడి గుడ్డ పెడితే అది బురద అవుతుంది. ఆ బురదలో ఉండేది ఇసుక రేణువు. గుడ్డ కింద నలిగి ప్లాస్టిక్‌కు సన్నటి గీతలు పెడుతుంది, మిగిలింది తలుపు సందుల్లోకి, స్విచ్‌ల చుట్టూ చేరుతుంది.

ఒక చేత్తో బ్రష్, రెండో చేత్తో వాక్యూమ్ గొట్టం పట్టుకోండి. బ్రష్‌తో ఏసీ గాలి వచ్చే పట్టీల మధ్య నుంచి దుమ్మును బయటికి తోస్తుంటే, రెండు అంగుళాల దూరంలో గొట్టం పీల్చేస్తుంటుంది. స్టీరింగ్ వెనక, గేరు చుట్టూ, స్పీకర్ జాలీ, సీటు పట్టాలు, సీటు వెనక భాగం కిందభాగం కలిసే సందు. ఈ చివరి సందులోనే వేరుశనగ పొట్టు, బిస్కెట్ పొడి, చిల్లర పైసలు ఉంటాయి. చేత్తో విప్పి పట్టుకుని గొట్టం లోపలికంటా పెట్టండి. సీటు కింద పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి. వాటిని లాగకండి, తడపకండి.

డాష్‌బోర్డు, తలుపుల ప్లాస్టిక్

క్లీనర్‌ను ప్లాస్టిక్ మీద కొట్టకండి, గుడ్డ మీద కొట్టండి. 40 సెంటీమీటర్ల గుడ్డను రెండు మడతలు వేస్తే 20 సెంటీమీటర్ల చదరం వస్తుంది, వాడుకోవడానికి 8 ముఖాలుంటాయి. ఒక ముఖం మీద మూడు పిచికారీలు చాలు. గుడ్డ చెమ్మగా ఉండాలి, పిండితే చుక్క రాలకూడదు.

డాష్‌బోర్డు మొత్తాన్ని ఒకేసారి తడపకుండా, రెండు జానల వెడల్పు ముక్కలుగా పంచుకోండి. ఒక్కో ముక్కకు మూడు తుడుపులు:

1. క్లీనర్ గుడ్డతో తుడవండి. గుండ్రంగా కాదు, ఎడమ నుంచి కుడికి తిన్నని గీతల్లా.
2. వెంటనే డిస్టిల్డ్ వాటర్ చెమ్మ చేసిన రెండో గుడ్డతో తుడవండి. ఇది వదిలిన సబ్బును తీసే తుడుపు. తొందరలో చాలామంది వదిలేసేది దీన్నే. చారల్లో ఎక్కువ భాగం పుట్టేది కూడా ఇక్కడే.
3. తడి ఆరకముందే పొడి గుడ్డ. ఆరిపోయాక పొడి గుడ్డ తిప్పినా లాభం లేదు.

ముఖం మాసిన వెంటనే తిప్పి కొత్త ముఖం వాడండి. ఎనిమిదీ అయిపోతే గుడ్డ మార్చండి, బకెట్‌లో జాడించి మళ్లీ వాడకండి.

ఇప్పటి కార్లలో డాష్‌బోర్డు మీద తోలు లాంటి గరుకు నగిషీ ఉంటుంది. ఆ గీతల లోతుల్లో క్లీనర్ ఆగి తెల్లగా ఎండుతుంది. దగ్గరగా చూస్తే గీతల పొడుగునా సన్నని తెల్ల దారాల్లా కనబడుతుంది. దానికి ఇంకా క్లీనర్ అక్కర్లేదు. ఉత్త నీళ్లలో ముంచి విదిలించిన పెయింట్ బ్రష్‌ను నాలుగు దిక్కులా తేలిగ్గా ఆడించి, వెంటనే పొడి గుడ్డ అద్ది తుడవండి.

అంతకుముందు వాటర్ వాష్ సెంటర్‌లో మెరుపు పాలిష్ చాలాసార్లు కొట్టించి ఉంటే అది వేరే సంగతి. అది సిలికాన్ నూనె. ఒకటికి పది క్లీనర్‌కు సరిగ్గా లొంగదు, గుడ్డ జారుతున్నట్టుంటుంది, తుడిచేకొద్దీ ఇంద్రధనుస్సు రంగుల మరకలు వస్తాయి. ఒకటికి ఐదు పాళ్లలో కలిపి, ముందు కనబడని మూల ఒక్క అంగుళం మేర పరీక్షించి, రెండు విడతలుగా తుడవండి; ప్రతి విడత తర్వాత నీళ్ల గుడ్డ రెండుసార్లు. వేలు రాస్తే కిచకిచమని పట్టు తగలాలి. ఆ దశకు వచ్చేదాకా మరే పూతా పూయకండి, పాత నూనె మీద కొత్తది ఎప్పుడూ సమంగా పరుచుకోదు.

తుడిచిన ప్లాస్టిక్ బంకబంకగా, చెయ్యి అంటుకుపోయేలా మారితే అది మురికి కాకపోవచ్చు. మెత్తగా తగిలేలా వేసే రబ్బరు లాంటి పూత కొన్నేళ్ల తేమకు, వేడికి విడిపోతుంది. దాన్ని గట్టిగా రుద్దితే పూత మొత్తం ఊడివస్తుంది. అక్కడ షాంపూ నీళ్లతో ఆపేయడం మంచిది.

కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ ఏ పరిస్థితిలోనూ వద్దు. అవి ప్లాస్టిక్‌నే దెబ్బతీస్తాయి. కొబ్బరినూనె రెండు రోజులు నల్లగా నిగనిగలాడి, ఆ తర్వాత దారిలో దుమ్మంతా పట్టుకుని ముక్క వాసన కొడుతుంది. మెలమైన్ స్పాంజి అంటే మెత్తటి ఉప్పుకాగితమే, మెరుపు ప్లాస్టిక్ మీద అది శాశ్వతంగా మసక చేస్తుంది.

నల్ల మెరుపు ప్లాస్టిక్, తెర, మీటరు

గేరు చుట్టూ, మ్యూజిక్ సిస్టమ్ చుట్టూ ఉండే పియానో బ్లాక్ ప్లాస్టిక్ తొందరగా గీతలు పడుతుంది. ముందు బ్రష్‌తో దుమ్ము దులిపి, డిస్టిల్డ్ వాటర్ చెమ్మ ఉన్న కొత్త గుడ్డను దాని బరువుతోనే జరపండి. చేతి ఒత్తిడి అక్కర్లేదు.

టచ్ స్క్రీన్ ఆపేశాకే తుడవండి. నల్లటి తెర మీద వేలిముద్రలు స్పష్టంగా కనబడతాయి. ఉత్త నీళ్ల చెమ్మ, తర్వాత పొడి గుడ్డ. వేలిముద్రలు కనబడకుండా, ఎండ మెరవకుండా వేసిన పూత మీద ఘాటైన గ్లాస్ క్లీనర్ పడితే మబ్బు మచ్చలు వస్తాయి, అవి పోవు.

స్పీడోమీటర్ ముందు ఉండే పారదర్శకమైన మూత చాలా కార్లలో గాజు కాదు, ప్లాస్టిక్. దాని మీద ఆల్కహాల్ పడితే వెంట్రుకల్లాంటి సన్న పగుళ్లు రావచ్చు. పైన చెప్పిన అద్దం ద్రవాన్ని అక్కడికి తీసుకెళ్లకండి.

స్టీరింగ్, గేరు, సీటు బెల్టు

తోలు చుట్టిన స్టీరింగ్ మెరుస్తుంటే అది చెమట, చేతి జిడ్డు. శుభ్రమైన తోలుకు మెరుపు ఉండదు. క్లీనర్ చెమ్మ గుడ్డతో గుండ్రంగా చుట్టి తిప్పుతూ తుడవండి, కుట్ల దగ్గర టూత్‌బ్రష్. హారన్ భాగం ఎయిర్‌బ్యాగు మూత కాబట్టి దాని మీద నేరుగా పిచికారీ వద్దు. పవర్ విండో స్విచ్‌ల దగ్గరా అంతే.

స్టీరింగ్‌కు, గేరు రాడ్‌కు, పెడల్స్‌కు ఏ పాలిషూ పూయకూడదు. చెయ్యో కాలో జారితే పోయేది ప్రాణం.

సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి క్లిప్పు పెట్టి, షాంపూ నీళ్లతో తుడిచి, తర్వాత ఉత్త నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే వదలండి. బ్లీచ్, రంగులు, ఘాటు క్లీనర్లు బెల్టు నేతను బలహీనం చేస్తాయి.

సీట్లు

మన దగ్గర తోలు సీటు అని పిలిచేవాటిలో ఎక్కువ లెదరెట్, అంటే గుడ్డ మీద పోసిన ప్లాస్టిక్ పొర. నిజమైన తోలు సీట్లలో కూడా చాలావాటికి రంగు మీద పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందుకే కండిషనర్ పూస్తే తోలు తాగేస్తుందన్న మాట ఈ సీట్లకు పెద్దగా వర్తించదు. పైన మిగిలిందల్లా బంకగా ఉండి, లేత రంగు చొక్కాకు అంటుతుంది. సీట్ల విషయంలో శుభ్రం చేయడం మొదటి పని, కండిషనర్ చివరి పని.

ఒక సీటును కుట్టు నుంచి కుట్టు దాకా భాగాలుగా చూడండి. ఒక భాగం మధ్యలో ఆపి టీకి వెళ్తే, ఆపినచోట అంచు గీతగా మిగులుతుంది. క్లీనర్‌ను మెత్తటి బ్రష్ మీద కొట్టి నురగ వచ్చేలా ఆడించి, నురగను గుడ్డతో ఎత్తి, నీళ్ల గుడ్డ, పొడి గుడ్డ. చిల్లులున్న సీట్లలో ఫ్యాన్లు, తీగలు ఉండవచ్చు. వాటికి నురగ కూడా తక్కువే.

లేత గోధుమ రంగు సీట్ల మీద కొత్త జీన్స్ రంగు పడితే ఎంత త్వరగా తుడిస్తే అంత మేలు. ఆలస్యమైతే రంగు ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోతుంది, అప్పుడు పైన ఎంత రుద్దినా సీటు పూతే పోతుంది తప్ప నీలం పోదు.

గుడ్డ సీట్ల కష్టం వేరు. ఒకచోట నీళ్లు పడి ఆరాక గుండ్రంగా అంచు కట్టిన మరక వస్తుంది. లోపలి స్పాంజి దాకా దిగిన నీరు ఆరుతూ పైకి వచ్చేటప్పుడు లోపలి మురికిని మోసుకొచ్చి అంచున వదిలేస్తుంది. కాబట్టి మరక ఒక్కదాన్నే తడపకుండా, కుట్టు నుంచి కుట్టు దాకా ఆ భాగమంతా సమంగా చెమ్మ చేయాలి. నురగ రుద్ది, పొడి గుడ్డను మోకాలితో అదిమి నీటిని పీల్చాలి. వెట్ వాక్యూమ్ ఉంటే ఉత్త నీళ్లు కొట్టి రెండుసార్లు లాగండి. తర్వాత నాలుగు తలుపులూ తెరిచి టేబుల్ ఫ్యాన్ 3, 4 గంటలు. కోస్తా తేమలో, వానాకాలంలో ఈ పని పెట్టుకుంటే ఆరక బూజు వాసన పడుతుంది. ఎండ ఉన్న రోజు చూసి చేయండి. తప్పనిసరైతే ఏసీ వేసి కాసేపు నడపండి, ఏసీ గాలిలో తేమను లాగేస్తుంది.

హెడ్‌రెస్ట్ మీద తలనూనె మరక మన కార్లన్నిటిలో ఉంటుంది. అది నీళ్లకు కదలదు. ఒకటికి ఐదు క్లీనర్ నురగ పెట్టి 2 నిమిషాలు ఉంచి, అద్ది తీసి, మళ్లీ పెట్టాలి. మూడు నాలుగు విడతలు పడుతుంది. అది పోయాక హెడ్‌రెస్ట్‌కు ఉతుక్కోగల చిన్న తొడుగు వేయండి.

పసుపు, కుంకుమ, గంధం

కొత్త కారు పూజలో స్టీరింగ్‌కు, డాష్‌బోర్డుకు పెట్టిన బొట్లు, సీటు మీద రాలిన పసుపు. వీటికి మొదట నీళ్లు తగలనివ్వకండి. పొడిగా ఉన్నప్పుడు వాక్యూమ్ గొట్టాన్ని తాకించీ తాకించకుండా పెట్టి పీల్చేస్తే చాలాభాగం పోతుంది. తడి గుడ్డతో మొదలుపెడితే రంగు గుడ్డ పోగుల్లోకి, ప్లాస్టిక్ గీతల్లోకి దిగుతుంది.

చీర మీద పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడటం ఇంట్లో అందరూ చూసిందే. ఆల్ పర్పస్ క్లీనర్లలో చాలావాటికి సబ్బుకున్న క్షార గుణమే ఉంటుంది, కాబట్టి సీటు మీదా అదే జరుగుతుంది. భయపడి ఇంకా రుద్దకండి. మిగిలిన పసుపుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూది మీద తీసుకుని అద్దండి; పసుపు రంగు ఆల్కహాల్‌లో కరుగుతుంది. ముందు సీటు అడుగు అంచున పరీక్షించి, సీటు రంగు దూదికి రావడం లేదని చూసుకోండి. అద్దాలి, రుద్దకూడదు. ఆ తర్వాత మిగిలే లేత ఛాయను ఎండకు వదిలేయండి. సూర్యకాంతికి పసుపు రంగు విరిగిపోతుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. కుంకుమలో రకరకాల రంగులుంటాయి, అన్నీ అలా పోవు. అందుకే దానికి పొడిగా పీల్చడమే ముఖ్యం.

డాష్‌బోర్డు మీద దేవుడి విగ్రహాన్ని అంటించిన డబుల్ సైడ్ టేపు తీయాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, పళ్ల మధ్య వాడే దారం లేదా చేపల గాలం దారాన్ని రంపంలా అటూ ఇటూ లాగి కోయండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే గుంట పడుతుంది. మిగిలిన జిగురును బొటనవేలితో నలిపి ఉండలుగా తీయండి. ద్రవరూపంలో ఉండే పెర్ఫ్యూమ్ సీసాలను డాష్‌బోర్డు మీద పెట్టకపోవడం ఉత్తమం. అందులోని సుగంధ నూనెలు ఒలికితే ప్లాస్టిక్ పైపొరను తినేస్తాయి, ఆ మచ్చను ఏ పాలిషూ కప్పలేదు.

పైపూత, కండిషనర్

తుడిచిన తర్వాత అరగంట ఆరనివ్వండి. చెమ్మ మీద పూత వేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది.

డాష్‌బోర్డుకు నీళ్ల ఆధారంగా చేసిన, మెరుపు లేని, అల్ట్రావయొలెట్ రక్షణ ఉన్న పూత కొనండి. సీసా ఊపి చూస్తే పాలలా పల్చగా ఉంటుంది. వాసనకు పెట్రోలు, కిరోసిన్ గుర్తొస్తే వద్దు. మెరిసే డాష్‌బోర్డు కొత్తగా ఉన్నట్టు కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దానికి అంత మెరుపు లేదు. పైగా మధ్యాహ్నం ఎండలో ఆ మెరుపు ముందు అద్దంలో ప్రతిఫలించి రోడ్డు మసకగా కనబడుతుంది.

మొత్తం డాష్‌బోర్డుకు 5 మి.లీ. చాలు, అంటే ఒక టీస్పూను. దాన్ని ఫోమ్ అప్లికేటర్ మీద వేసి, ముందు అప్లికేటర్‌ను మడిచి నలిపి సమంగా పట్టించండి. లేకపోతే మొదట తాకించినచోటే సగం మందు దిగిపోతుంది. ఒకే దిశలో పరిచి, 3 నిమిషాలాగి, పొడి గుడ్డతో తుడిచేయండి. తుడిచేశాక ఏమీ పూయనట్టు కనబడాలి. వేలు పెడితే ముద్ర పడుతుందంటే ఇంకా ఎక్కువ ఉందని అర్థం, మరో పొడి ముఖంతో తుడవండి.

సీట్లకు కండిషనర్ ఏడాదికి రెండుసార్లు మించి అవసరం రాదు. సీటు వెనక భాగానికి రూపాయి బిళ్ల అంత, కూర్చునే భాగానికి అంత. 10 నిమిషాలాగి పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, రాత్రంతా వదిలేయండి. గుడ్డ సీట్లకు, తెరకు, పియానో బ్లాక్‌కు ఏ పూతా వద్దు.

అద్దం

లోపలివైపు అద్దానికి పట్టే జిడ్డు పొర బయటి దుమ్ము కాదు. ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్‌ల నుంచి, ముఖ్యంగా వాటిని మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థాల నుంచి ఆవిరి లేచి, చల్లటి అద్దం మీద పేరుకుంటుంది. కొత్త కార్లలో ఇది ఎక్కువ. రాత్రి ఎదురు బండి లైటు పడితే వెలుగు చెదిరి కళ్లు బైర్లు కమ్మేది దీని వల్లే.

దీనికి రెండు విడతలు కావాలి. మొదటి విడతలో అద్దం ద్రవం మూడు పిచికారీలు గుడ్డ మీద కొట్టి జిడ్డు తీయండి. ఆ గుడ్డను పక్కన పడేయండి. రెండో విడత కొత్త గుడ్డతో ఉత్త డిస్టిల్డ్ వాటర్ చెమ్మ, వెంటనే పొడి గుడ్డ. ఒకే గుడ్డతో రెండూ చేస్తే జిడ్డు అటు నుంచి ఇటు మారుతుందే తప్ప పోదు.

ముందు అద్దం కింది మూల చేతికి అందదు. గుడ్డను అరచేతి కింద కాకుండా చేతి వెనక భాగం మీద కప్పి, అరచెయ్యి పైకి ఉండేలా లోపలికి జరపండి, మూల దాకా వెళ్తుంది. పక్క సీటులో కూర్చుని చేస్తే స్టీరింగ్ అడ్డం రాదు.

లోపల పైనుంచి కిందికి, బయట ఎడమ నుంచి కుడికి తుడవండి. చార మిగిలితే అది నిలువుగా ఉందా అడ్డంగా ఉందా చూసి ఏ వైపుదో తెలిసిపోతుంది. పక్క అద్దాన్ని రెండు అంగుళాలు దించి పై అంచు తుడిచి, ఎత్తాక మిగిలినది తుడవండి. రబ్బరు కింద దాగే మురికి గీత అక్కడే ఉంటుంది.

వెనక అద్దం లోపల డీఫాగర్ గీతలుంటే (అద్దానికి పట్టే ఆవిరిని తీసే సన్నటి వేడి తీగలు) వాటి వెంబడే అడ్డంగా తుడవాలి, వాటికి ఎదురుగా నిలువుగా గట్టిగా రుద్దితే తెగుతాయి. అద్దాలకు ఫిల్మ్ ఉంటే అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ దగ్గరికి రానివ్వకండి, ఫిల్మ్ మసకబారి లేచిపోతుంది. ఉత్త నీళ్లు చాలు.

చారను చూసి కారణం పట్టుకోవడం

పని అయ్యాక టార్చి ఏటవాలుగా వేసి చూడండి. ఇంద్రధనుస్సు రంగులు కనబడితే నూనె లేదా సిలికాన్. ఆల్కహాల్ ద్రవం అద్దానికి, ఒకటికి ఐదు క్లీనర్ ప్లాస్టిక్‌కు. తెల్లటి అంచుతో చుక్కల్లా ఉంటే నీటి లవణం. డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు, అప్పటికీ అద్దం మీద మిగిలితే తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిచి మళ్లీ ఉత్త నీళ్లు. గుడ్డ తిరిగిన వంపులు కనబడితే సబ్బు మిగిలింది. నీళ్ల గుడ్డ తుడుపు మళ్లీ చేయండి. ఏం చేసినా కదలని మసక మచ్చ అంటే అది చార కాదు, ఘాటైన మందుకు పైపొర దెబ్బతింది. దాన్ని ఇంకా రుద్దితే మచ్చ వెడల్పవుతుంది.

గుడ్డలు ఉతకడం, వారం వారం పని

మైక్రోఫైబర్ గుడ్డలను నూలు బట్టలతో కలిపి ఉతికితే దూది పోగులు పట్టి, తర్వాతిసారి అద్దం మీద రాలతాయి. విడిగా, లిక్విడ్ డిటర్జెంట్‌తో, 40 డిగ్రీలు దాటని నీళ్లలో ఉతకండి. ఫ్యాబ్రిక్ కండిషనర్, బ్లీచ్ వద్దు. రెండుసార్లు జాడించి నీడలో ఆరేయండి. సిలికాన్ పాలిష్ తుడిచిన గుడ్డ ఎంత ఉతికినా అద్దానికి పనికిరాదు, దాన్ని టైర్ల పనికి మార్చేయండి.

వారానికోసారి పొడి గుడ్డతో డాష్‌బోర్డు దుమ్ము తీసి, మ్యాట్లు దులిపితే చాలు. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చెమ్మ గుడ్డ, పొడి గుడ్డ. క్లీనర్ మూడు నెలలకు ఒకసారి, పైపూత కూడా అప్పుడే. లోపలి అద్దం మాత్రం నెలకోసారి తుడవాల్సిందే, ఎండాకాలంలో పదిహేను రోజులకే పొర పడుతుంది. ఎండలో నిలిపినప్పుడు ముందు అద్దానికి సన్‌షేడ్ అడ్డం పెడితే ప్లాస్టిక్ అంతగా వేడెక్కదు, అద్దానికి పట్టే జిడ్డూ ఆ మేరకు తగ్గుతుంది.